39 ఏళ్లు, ఏఎంహెచ్ 0.9. నేరుగా దాత అండాలకు వెళ్లమంటున్నారు, ఏం చేయమంటారు?

ఏలూరు_టీచరమ్మ

నమస్తే అండీ. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. నాకు 39, మా వారికి 43. నాన్న పోయాక తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి నా జీతం మీదే నడిచాయి, తర్వాత నాకు సంబంధం కుదరడానికి చాలా కాలం పట్టింది, మొత్తానికి పెళ్లయ్యేసరికి 36 వచ్చేశాయి. అవన్నీ ఇష్టంగా చేసిన పనులే, అందుకు బాధ లేదు. పెళ్లయినప్పటి నుంచీ పిల్లల కోసం చూస్తూనే ఉన్నాం. నెలసరి 26, 27 రోజులకు సరిగ్గా వస్తుంది. థైరాయిడ్‌కు మాత్ర వాడుతున్నాను, కంట్రోల్‌లోనే ఉంది. షుగర్, బీపీ లేవు.

పోయిన నెల విజయవాడలో ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కు వెళ్లాం. రక్తం తీశారు, స్కాన్ చేశారు. ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలాయో అంచనా వేసే రక్తపరీక్ష) 0.9 వచ్చింది. డాక్టర్‌గారు రిపోర్టు చూసి, పట్టుమని పది నిమిషాలైనా మాట్లాడకుండా "మీ అండాలు అయిపోయినట్టే, దాత అండాలతో ఐవీఎఫ్ చేయించుకోండి" అనేశారు. అంటే వేరే ఆవిడ అండంతో ల్యాబ్‌లో పిండం తయారుచేసి నా గర్భసంచిలో పెట్టడమన్నమాట. గది బయటికి రాగానే కౌన్సెలర్ ప్యాకేజీ కాగితం, ఈఎంఐ కాగితం రెండూ ముందు పెట్టింది, ఈ నెలాఖరులోపు కడితే తగ్గింపు ఉందట. మా వారికి ఏ పరీక్షా రాయలేదు. నేనే నోరు తెరిచి అడిగితే "ముందు మేడమ్ సంగతి చూద్దాం" అన్నారు. ఈయన కూడా "నాకేం, నేను బాగానే ఉన్నాగా" అంటారు. చాలా మంచి మనిషండీ, నా మందులు తనే గుర్తుపెట్టుకుని తెస్తారు, కానీ ఆ పరీక్ష మాట ఎత్తితే మాత్రం మొహం మాడ్చుకుని లేచి వెళ్లిపోతారు.

అత్తయ్యగారు నన్ను మోపిదేవి తీసుకెళ్లి పుట్టలో పాలు పోయించారు, నాకూ నమ్మకమే, సంతోషంగానే వెళ్లాను. కానీ ఆవిడ "గుంటూరులో 74 ఏళ్ల ఆవిడే కవలల్ని కన్నది, నీకేం తొందర, దేవుడిస్తాడు" అంటారు. అక్కడ డాక్టరేమో ఇప్పుడే సంతకం పెట్టమంటారు. ఇద్దరి మధ్యా నాకు నిద్ర పట్టట్లేదు. మా వైపు ఒకరిద్దరు సీమంతాలకు నన్ను పిలవడం కూడా మానేశారు, అది తలుచుకుంటే ఎక్కడ ఉన్నా కన్నీళ్లు ఆగవు.

నేను అడగాలనుకున్నది ఇదే. 0.9 అంటే నిజంగా అయిపోయినట్టేనా? ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే టైమ్ వృథా అవుతుందా? ఈ వయసులో కన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా జరిగిందో చెప్పండి.

నల్గొండ_అక్క

చెల్లీ, ముందు ఆ ప్యాకేజీ కాగితం పక్కన పడెయ్యి. నాకు 41లో పాప పుట్టింది, నా అండాలతోనే. నా ఏఎంహెచ్ నీదానికన్నా తక్కువ. అలాగని నీకూ అలాగే అవుతుందని మాట ఇవ్వలేను, మా డాక్టరమ్మ కూడా నాకు అలాంటి మాట ఇవ్వలేదు, అందుకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఆవిడ మొదటి రోజే ఇద్దరికీ కలిపి పరీక్షలు రాసింది. మా ఆయనకు సెమెన్ టెస్ట్ (వీర్య పరీక్ష), నాకు ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ, నెలసరి రెండో రోజో మూడో రోజో చేసే స్కాన్, అందులో చిన్న చిన్న ఫాలికల్స్ (అండాలు పెరిగే సంచులు) ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. నాకు ఒక ట్యూబు మూసుకుపోయి ఉంది. చిన్నప్పుడు టీబీ వచ్చిందా అని అడిగింది, మన దేశంలో గర్భసంచికీ ట్యూబులకూ వచ్చే టీబీ చాలామందికి తెలియకుండానే ఉంటుందట, నాకు అది లేదని తేలాకే ముందుకు వెళ్లాం. ఐవీఎఫ్‌లో మొదట పెట్టిన పిండం నిలవలేదు. తర్వాత ఒకటి నిలిచి, గుండె చప్పుడు కూడా విన్నాక పోయింది. ఆ రోజుల గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. ఎవరైనా "పోనీలే, తొందరగానే పోయింది, మంచిదే" అంటే అస్సలు వినకు, అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి. ఆ తర్వాత వచ్చింది మా పాప.

డబ్బు సంగతీ చెప్తాను, మందులు, ఇంజెక్షన్లు, ల్యాబ్ అన్నీ కలిపితే ఒక్కో సైకిల్‌కు, అంటే ఒక విడత చికిత్సకు, మాకు రెండు లక్షలు దాటింది. ప్యాకేజీలో ఇంజెక్షన్లు ఉన్నాయా, మిగిలిన ఎంబ్రియోలు (పిండాలు) ఫ్రీజ్ చేస్తే ఏడాదికి ఎంత కట్టాలి, సైకిల్ మధ్యలో ఆపేస్తే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. నెలాఖరు తగ్గింపు అనే మాట వైద్యంలో ఉండకూడదు, అలా అన్నారంటేనే నాకు మనసొప్పదు.

2024 ఏప్రిల్‌లో చిలుకూరులో పిల్లలు లేనివాళ్లకు గరుడ ప్రసాదం ఇస్తారనగానే జనం పోటెత్తి ఆ దారిలో ట్రాఫిక్ అంతా ఆగిపోయింది, గుర్తుందా? అది టీవీలో చూసి మా అమ్మ "ఇంతమంది ఉన్నారా తల్లీ" అంది. ఇంతమంది ఉన్నాం చెల్లీ. సీమంతానికి పిలవని వాళ్ల కోసం ఏడవకు.

జిల్లా_గైనిక్

నేను ప్రభుత్వాసుపత్రిలో గైనకాలజిస్టును. మీ ఫైలు చూడకుండా చికిత్స చెప్పలేను గానీ, మీరు అడిగినవాటికి నాకు తెలిసినంత వివరంగా చెప్తాను.

ఏఎంహెచ్ అనేది అండాశయంలో ఇంకా ఎన్ని అండాలు మిగిలి ఉండవచ్చో చెప్పే అంచనా మాత్రమే. అండం నాణ్యత అది చెప్పదు, నాణ్యత ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు వేస్తే ఎన్ని అండాలు వస్తాయో ఊహించడానికి ఆ సంఖ్య మాకు పనికొస్తుంది. మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది దాన్ని బట్టి తేల్చలేం. 2017లో అమెరికాలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య, సంతాన సమస్య ఉందని ముందే తేలని ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకూ సరిగ్గా ఉన్నవాళ్లకూ సహజంగా గర్భం రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 39 ఏళ్లకు 0.9 కొంచెం తక్కువే, కానీ "అయిపోయాయి" అనే మాటకు అది చాలదు. నెలనెలా సరిగ్గా వస్తోందన్నది కూడా మంచి సూచనే.

అయితే అత్తగారి మాట పట్టుకుని ఇంకో ఏడాది ఆగడం అంతకన్నా ప్రమాదం, ఇది గట్టిగా చెప్తున్నాను. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల ఆవిడకు కవలలు పుట్టిన మాట నిజమే, కానీ అది దాత అండాలతో చేసిన ఐవీఎఫ్. ఆ వార్త చూసి మా ఓపీకి వచ్చి "నాకింకా 45 కదా మేడమ్" అన్నవాళ్లు ఎందరో. 2021లో చట్టం వచ్చింది, ఇప్పుడు ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 దాటితే ఐవీఎఫ్ లాంటి చికిత్సలు చేయకూడదు. సొంత అండాలతో అయితే అసలు గడువు అంతకన్నా చాలా ముందే అయిపోతుంది. 30 ఏళ్లప్పుడు ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం సుమారు 20 శాతం ఉంటే, 40కి అది 5 శాతం దగ్గరికి వచ్చేస్తుంది. ఐవీఎఫ్ కూడా వయసును వెనక్కి తిప్పలేదు, సొంత అండాలతో 41, 42 ఏళ్లలో ఒక సైకిల్‌కు బిడ్డ చేతికొచ్చేది నూటికి పది, పదిహేను మందికి. 35 దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించి రాకపోతే డాక్టర్‌ను కలవాలి, 40 దాటితే ఆ ఆరు నెలలు కూడా ఆగనక్కర్లేదు. మీరు అంతకన్నా చాలా ఎక్కువ కాలం నుంచే చూస్తున్నారు కదా.

కాబట్టి రెండో అభిప్రాయం తీసుకోండి, కానీ వారాల్లో తీసుకోండి, నెలలు పోనివ్వకండి. ఈలోగా ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకోండి, 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే కావాలి అది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్లీ చూపించుకోండి, పిల్లల కోసం చూసేవాళ్లలో మేం దాన్ని 2.5 లోపు ఉంచడానికి చూస్తాం, మామూలు ల్యాబ్ కాగితం మీద "నార్మల్" అని ఉన్నా సరే.

గర్భం వచ్చాక ఈ వయసులో ఇంకాస్త కాపాడుకోవాలి. గర్భస్రావాలు, బీపీ, గర్భంతో వచ్చే షుగర్ మామూలు కన్నా ఎక్కువ కనిపిస్తాయి. బీపీ పెరిగే ప్రమాదం ఉందనిపిస్తే 12 వారాల నుంచి చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తాం, అది డాక్టర్ రాయాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేది కాదు. డౌన్ సిండ్రోమ్ (ఎదుగుదల మందగించే జన్యు సమస్య) ఉన్న బిడ్డ పుట్టే అవకాశం తల్లికి 25 ఏళ్లప్పుడు సుమారు 1250లో ఒకటి అయితే 40 ఏళ్లకు 100లో ఒకటి. 100లో 99 మందికి ఆ సమస్య ఉండదు, ఆ వైపు నుంచి కూడా చూడండి. ఇలాంటి జన్యు సమస్యల్ని పసిగట్టడానికి 11 నుంచి 13 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష, స్తోమత ఉంటే ఎన్‌ఐపీటీ రక్తపరీక్ష, బిడ్డ అవయవాలు చూడటానికి 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్, ఇవేవీ తప్పించుకోవద్దు.

ఇంకొకటి. మీ వారికి పరీక్ష చేయకుండా మీకు దాత అండాలు రాయడం నా దృష్టిలో సరైన వైద్యం కాదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది.

వరంగల్_రైడర్

అక్కా, బావగారి విషయంలో ఒక మగవాడిగా చెప్తాను. భయం అండీ, ఇంకేం లేదు. కౌంట్ (వీర్యకణాల సంఖ్య) తక్కువ వస్తే మగతనం తక్కువని రాసిచ్చినట్టే అనుకుంటాం, స్నేహితులతో కూడా చెప్పుకోలేం. నాకూ అలాగే ఉండేది. మా ఆవిడ ఒక రోజు "నాకు ఇన్ని సూదులు గుచ్చారు, నువ్వు ఒక్క డబ్బా ఇవ్వలేవా" అని అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు.

నాకు వెరికోసీల్ ఉందని తేలింది, అంటే వృషణాల దగ్గరి రక్తనాళాలు ఉబ్బడం. దానికి ఆపరేషన్ చేయించుకున్నాను, కౌంట్ పెరిగింది. ఆ డాక్టర్ చెప్పినది మీ వారికీ చెప్పండి, వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుందట, అంటే ఈ రోజు సిగరెట్, మందు మానేస్తే ఫలితం కనిపించేది మూడు నెలలకు. జిమ్‌లో ఎవడో చెప్పాడని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేసుకునే కుర్రాళ్లున్నారు మా వైపు, దానివల్ల కౌంట్ సున్నాకు పడిపోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పరు. రోజంతా వేడి దగ్గర నిలబడి పనిచేసేవాళ్లు కూడా డాక్టర్‌కు ఆ మాట చెప్పాలి.

బావగారిని నాతో మాట్లాడించాలంటే మెసేజ్ పెట్టండి, నేను ఫోన్ చేస్తాను. మగవాళ్లకు మగవాళ్లు చెప్తే కొన్నిసార్లు ఎక్కుతుంది.

పేరు_చెప్పలేను

నేను దాత అండంతో తల్లినయ్యాను, 44లో. ఊళ్లో ఎవరికీ తెలియదు కాబట్టి పేరు పెట్టలేదు. పైన అందరూ దాత అండం అంటే ఏదో చివరాఖరు గతిలాగా మాట్లాడుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. నా కొడుకు నా కడుపులో పెరిగాడు, నా రక్తంతో పెరిగాడు, నా పాలు తాగాడు. వాడు నన్ను అమ్మా అన్నప్పుడు ఆ కణం ఎవరిదని ఒక్కసారి కూడా నాకు గుర్తురాలేదు. మొదట్లో నాకూ ఏడుపొచ్చింది, మా అమ్మ ముక్కు, మా అమ్మ జుట్టు రావు కదా అని. అలా ఏడవడానికి కొంత సమయం ఇచ్చుకోండి, దిగమింగేసి సంతకం పెట్టొద్దు. నేను సొంత అండాలతో ప్రయత్నించి, అది కుదరదని మనసుకు ఒప్పుదల అయ్యాకే అటు వెళ్లాను, అందుకే ఇప్పుడు ఏ బాధా లేదు.

చట్టం ప్రకారం దాతకు 23 నుంచి 35 ఏళ్ల లోపు ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఆవిడ దగ్గర ఏడు అండాలకు మించి తీయకూడదు. ఆవిడ ఎవరో మనకు చెప్పరు, మనమెవరో ఆవిడకు చెప్పరు. ఆవిడ పేరున ఇన్సూరెన్స్ మనమే కట్టాలి, అది కట్టించుకోని సెంటర్ అయితే అనుమానించండి, ఆ అమ్మాయి ప్రాణం కూడా ప్రాణమే. మన రాతపూర్వక అంగీకారం లేకుండా ఏ అడుగూ వేయకూడదు. సెంటర్ రిజిస్టరై ఉందో లేదో జాతీయ ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి చికిత్సలు), సరోగసీ (అద్దె గర్భం) రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు చూశారుగా, సరోగసీ అని చెప్పి లక్షలు కట్టించుకుని, వేరే ఎవరి బిడ్డనో చేతిలో పెడితే డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. పిల్లల కోసం తపించేవాళ్లని ఇలా దోచుకునేవాళ్లను తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

బిడ్డకు చెప్పాలా వద్దా అని మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటున్నాం. నేను చెప్పాలనే అనుకుంటున్నాను, కాస్త ఊహ వచ్చాక.

రాజమండ్రి_అమ్మ

అందరూ వైద్యం గురించి చెప్పారు, నేను దత్తత గురించి చెప్తాను, ఎందుకంటే అందులో వయసు లెక్క ఉంది, చాలామందికి తెలియక గడువు దాటిపోతోంది. కారా (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా అయితే భార్యాభర్తల ఇద్దరి వయసూ కలిపి చూస్తారు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే ఇద్దరిదీ కలిపి 85 దాటకూడదు. మీది 39, 43 కలిపితే 82. ఏడాదికి ఆ లెక్క రెండు పెరుగుతుంది, అంటే వచ్చే ఏడాదికి 84, ఆ పైయేడు 86. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100 వరకు అవకాశం ఉంటుంది. పెళ్లయి రెండేళ్లు నిండి ఉండాలి, మీకది సమస్య కాదు. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే, తర్వాత ఇంటికి వచ్చి మాట్లాడి రిపోర్టు రాస్తారు. పసిబిడ్డల కోసం వెయిటింగ్ ఏళ్ల తరబడి ఉంటుంది.

మేం నాలుగేళ్లు దాటిన పాపను తెచ్చుకున్నాం. మొదటి నెలల్లో అది రాత్రుళ్లు నిద్రలేచి తలుపు దగ్గర కూర్చునేది, అన్నం దాచిపెట్టుకునేది, మా అత్తగారు దాని పక్కన నేల మీదే చాప వేసుకుని పడుకునేవారు. వైద్యం మానేయమని చెప్పట్లేదమ్మా. మీ ఇద్దరికీ ఆ ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఆసుపత్రివాళ్ల మాటో, ఇంకెవరి నోటి మాటో నమ్మి ఎవరి దగ్గరైనా బిడ్డను తెచ్చుకోవడం మాత్రం వద్దు, అది నేరం, పైగా ఆ బిడ్డను మీ దగ్గర్నుంచి తీసుకుపోతారు.

ఏలూరు_టీచరమ్మ

అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. పోస్టులన్నీ మా వారికి చదివి వినిపించాను, వరంగల్ తమ్ముడి మాట దగ్గర కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ల్యాబ్ ఎక్కడ" అని అడిగారు. వేరే ఊళ్లో ఇంకో డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఏఎంహెచ్ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు అన్నీ పట్టుకెళ్తాం. ప్యాకేజీ కట్టలేదు. దత్తత లెక్క మాకు అస్సలు తెలియదు, 85 అనగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, దాని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. పేరు చెప్పలేనన్న అక్కా, మీ మాటలు నాకు చాలా ధైర్యాన్నిచ్చాయి, ఒకవేళ అటు వెళ్లాల్సి వస్తే ఇక భయపడను.

ఒక చిన్న ప్రశ్న డాక్టర్‌గారికి. మా వారికి పోయిన నెల వైరల్ జ్వరం గట్టిగా వచ్చింది, ఇప్పుడు పరీక్ష చేయిస్తే సరిగ్గా వస్తుందా? శాంపిల్ ఇంట్లో తీసి పట్టుకెళ్లొచ్చా? ల్యాబ్‌లో ఇవ్వమంటే ఆయన ఇబ్బంది పడతారు.

జిల్లా_గైనిక్

జ్వరం వల్ల కౌంట్, కదలిక రెండూ తగ్గొచ్చు, ఆ ప్రభావం రెండు మూడు నెలల వరకూ ఉంటుంది. అయినా ఆగొద్దు, ఇప్పుడు చేయించండి, బాగా వస్తే ఆ దిగులు తీరిపోతుంది, తక్కువ వస్తే మూడు నెలలకు మళ్లీ చేయిస్తాం, ఎలాగూ ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. జ్వరం తేదీ డాక్టర్‌కు చెప్పండి.

పరీక్షకు ముందు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా కలయికకు దూరంగా ఉండాలి. ఇంట్లో తీయొచ్చు, ముందే ల్యాబ్ వాళ్లనడిగి వాళ్లిచ్చిన డబ్బాలోనే తీయాలి, మామూలు కండోమ్, సబ్బు, నూనె వాడకూడదు. మొదటి చుక్కలు కింద పడకుండా మొత్తం డబ్బాలోకి రావాలి, పడితే ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. గంటలోపు అందించాలి, దారిలో డబ్బా చల్లబడకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి పట్టుకెళ్లమనండి. మీ ఇంటికి గంట దూరంలో ల్యాబ్ లేకపోతే మాత్రం అక్కడికే వెళ్లి ఇవ్వాలి, ప్రత్యేకంగా గది ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.